పదిమందికి ఒక సీసా

లేదమ్మా, మేడ మీద గది ఖాళీగా లేదు. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే ఇద్దరు ఆడపిల్లలు ఉంటున్నారు. పొద్దున్నే అశోక్‌నగర్ కోచింగ్‌కు పోతారు, లైబ్రరీ మూసే వేళకు వస్తారు. నీకు ఇక్కడ మెడికల్ సీటు వస్తే వాళ్ళకు ఇంకో గది చూసిపెట్టి, ఆ గది నీకే ఇస్తాను. బెంగపడకు.

ఆ తర్వాత నువ్వు ఫోన్లో ఇంకో మాట కూడా అడిగావు, ఇంతకు ముందు మన ఇంట్లో డాక్టరు చదివేవాళ్ళు ఎవరైనా ఉండేవారా అని. నేను వినపడనట్టు, తమ్ముడి దగ్గుకు ఏం మందు వేస్తున్నారని అడిగాను. వినపడింది. తాత పక్కనే కూర్చుని ఉన్నాడు, అందుకని. ఇప్పుడు ఆయన భోజనం చేసి పడుకున్నాడు. భిలాయ్‌లో మీరిద్దరూ కలిసి చదువుకుంటారని ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. మీ అమ్మకు ఇందులో సగమే తెలుసు.

ఒక అమ్మాయి ఉండేది. నల్లగొండ వైపు పల్లె. తండ్రిది వ్యవసాయం. ఊళ్ళో మొదటిసారి డాక్టరు సీటు తెచ్చుకున్న పిల్ల. రెండేళ్ళు ఉంది మన దగ్గర. మీరు పిలిచినట్టే మమ్మల్ని అమ్మమ్మా, తాతా అని పిలిచేది. ఆదివారం పూట తెల్లకోటు ఉతుక్కుని మేడ మీద తీగ మీద ఆరేసేది. ఆ కోటు పక్కన నా చీర కూడా ఆరేయనిచ్చేది కాదు, "దవాఖానల తిరిగొచ్చిన కోటు అమ్మమ్మా, దాని మైలే వేరు" అని నవ్వేది. గల్లీలో ఎవరికి కళ్ళు తిరిగినా మన గేటు దగ్గరికే వచ్చేవారు. మెట్ల మీద కూర్చోబెట్టి బీపీ చూసేది. మీ తాత షుగరు రిపోర్టు డాక్టరు కంటే ముందు ఆ పిల్లే చదవాలి. "డాక్టరమ్మా, నేను పాసా ఫెయిలా?" అని అడిగేవాడు. "గ్రేసు మార్కులతోని పాసయినవ్ తాతా. జిలేబీ బంద్ జెయ్యి" అనేది.

మీ తాత సంగతి కొంచెం చెప్పాలి. నారాయణగూడలో నలభై ఏళ్ళు కళ్ళద్దాల దుకాణం నడిపిన మనిషి. ఏదైనా కళ్ళతో చూస్తేనే నమ్ముతాడు. మందుల విషయంలో మరీను. డాక్టరు కొత్త మాత్ర రాసిస్తే ఆ చీటీ జేబులో పెట్టుకుని, తెలిసినవాళ్ళలో ఎవరైనా అది మింగారా అని విచారించేవాడు. ఎవరో ఒకరు మింగి, బాగానే ఉన్నారని తెలిస్తేనే కొనేవాడు. ఒకసారి ఏదో మాత్ర పడక ఒళ్ళంతా దద్దుర్లు లేచాయట, మా పెళ్ళికి ముందు. అప్పటి నుంచి అదే పట్టు.

ఇంకొకటి. చిన్నప్పుడు ఆయనకు క్షయ వచ్చి తగ్గింది. ఒక ఊపిరితిత్తి అప్పుడే సగం ఎండిపోయిందని ఎక్స్‌రే చూసిన ప్రతి డాక్టరూ అంటారు. కరోనా వచ్చాక డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఈయనకు మాత్రం రాకుండా చూసుకోండమ్మా" అన్నాడు. ఏడాది పాటు నేను ఆయన్ని గేటు దాటనివ్వలేదు. పాల ప్యాకెట్లు కూడా సబ్బుతో కడిగేదాన్ని. టీకా వస్తుందని పేపర్లో పడిన రోజు దేవుడి దగ్గర రెండు ఒత్తులు ఎక్కువ వేశాను. ఆయనకు ఆ సూది పడాలి. ఆ రోజుల్లో నాకు వేరే ధ్యాస లేదు.

ముందు డాక్టర్లకు, నర్సులకు, డాక్టరు చదివే పిల్లలకు మొదలుపెట్టారు. ముసలివాళ్ళ వంతు తర్వాత. మీ తాతకు అది చాలా నచ్చింది. "మంచిగున్నది. ఇంట్లనే డాక్టరమ్మ ఉన్నది. ఆమె ఏసుకుంటె నేను ఏసుకుంట. ఇంగ ఎవల్ని అడిగే పని లేదు" అన్నాడు.

ఒక ఆదివారం మేడ మీద ఎండుమిరపకాయలు ఆరబోస్తున్నాను. ఆ అమ్మాయి, ఆమె స్నేహితురాళ్ళు ఇద్దరు గోడకు ఆనుకుని కూర్చుని పల్లీలు ఒలుస్తున్నారు. చదువుకోవడానికని వచ్చారు, పుస్తకం ఒకటీ తెరవలేదు.

"నీ పేరు ఇచ్చినవానే టీకా లిస్టుల?"

"ఇచ్చిన. క్లాసు రిప్రజెంటేటివ్ అందరివీ ఇచ్చిండు. ఇచ్చుడు వేరు, పోవుడు వేరు."

"నాకు కరోనా ఒకసారి వచ్చి పోయింది. నాకేమవసరం లేదు."

"నాకు సూదంటెనే భయం" అంది స్నేహితురాళ్ళలో ఒకతె.

"థూ, రేపు నువ్వు అందరికి పొడవాలె గదనే!"

"పొడుసుడు వేరు, పొడిపిచ్చుకునుడు వేరు."

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. "మనం ల్యాబు ఎలుకలమా ఏంది, ముందుగాల మనకే ఏసి చూస్తున్నరు" అన్న మాట కూడా వినపడింది. అది ఎవరన్నదో నాకు గుర్తులేదు. మన అమ్మాయి కాదనే అనుకున్నాను. వయసు పిల్లలు, దేని మీదైనా నవ్వుతారు కదా అని మిరపకాయలు తిరగేసి కిందికి వచ్చేశాను.

ఆ తర్వాత కొన్ని రోజులకు ఆ అమ్మాయి కాలేజీ నుంచి ఎడమ చెయ్యి పట్టుకుని వచ్చింది. గేటు దగ్గరే తాత ఎదురుపడ్డాడు.

"ఏందే, చెయ్యికి ఏమైంది?"

"ఇయ్యాల ఏసిన్రు తాతా. టీకా."

"ఏసుకున్నవా! ఎట్లున్నది?"

"ఏం లేదు, చీమ కుట్టినట్టు. జర చెయ్యి గుంజుతుంది, గంతే. మీరు కూడ ఏసుకోవాలె మీ వంతు వచ్చినప్పుడు."

మీ తాత మొహం వెలిగిపోయింది. రెండు రోజులు నేను ఆ పిల్లను బకెట్ ఎత్తనివ్వలేదు. మిరియాల చారు పెట్టి మెట్ల మీది నుంచి అందించాను. తాత పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మెట్ల కింద నిలబడి, "జ్వరమొచ్చిందా? దద్దుర్లు లేసినయా?" అని అడిగేవాడు. "ఏం లేదు తాతా" అని పైనుంచి జవాబు. మూడోరోజు నాతో, "ఇగ మనం పోవచ్చు" అన్నాడు. ఎదురింటామెకు కూడా ఆయనే చెప్పాడు. ఆమె పక్కింటికి చెప్పింది. మా డాక్టరమ్మ వేసుకుంది, ఏమీ కాలేదు అని గల్లీ మొత్తానికి ఒక ధైర్యం వచ్చింది.

మా వంతు వచ్చింది. ఇంటికి దగ్గరలో ఒక చిన్న సర్కారు దవాఖాన ఉండేది. తాత పొట్టిచేతుల చొక్కా వెతికించి మరీ తొడుక్కున్నాడు, సూదికి అడ్డం లేకుండా. నేను, తాత, ఎదురింటామె ఆటోలో వెళ్ళాం. అక్కడ వాకిట్లో షామియానా వేసి కుర్చీలు దూరం దూరంగా పెట్టారు. బల్ల దగ్గర మన అమ్మాయి! తెల్లకోటు వేసుకుని, ఇంకో స్నేహితురాలితో కలిసి వచ్చినవాళ్ళ పేర్లు ఫోనులో ఎక్కిస్తోంది. వారం రోజులు అక్కడ డ్యూటీ వేశారట. మమ్మల్ని చూసి లేచి వచ్చింది. తాత చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "మా తాత" అని అందరికీ చెప్పింది. మీ తాత చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారా లేదా అని.

లోపల ఒక సిస్టరు, ముందు నీలం రంగు ఐసుపెట్టె. ఆమె వేలితో మమ్మల్ని లెక్కపెట్టింది.

"ఎనిమిది మంది అయిన్రు. ఇంకో ఇద్దరు రావాలె. పదిమందికి ఒక సీసా. ఒకసారి తెరిస్తె నాలుగు గంటల్ల అయిపోగొట్టాలె, లేకుంటె పారబోసుడే. జర ఓపిక పట్టున్రి."

"పెండ్లిల బంతి లెక్కనే ఉన్నది. విస్తర్లు నిండితె గాని వడ్డించరు" అన్నాడు మీ తాత. అందరూ నవ్వారు. సిస్టరు కూడా నవ్వింది.

కూర్చున్నాం. గంట గడిచింది. రోడ్డు మీద పోయేవాళ్ళు తొంగి చూసి పోతున్నారు కాని, లోపలికి ఎవరూ రావడం లేదు. ఎదురింటామె కొంగుతో విసురుకుంటోంది. తాత ముందే ఎడమ చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి పెట్టుకున్నాడు, బడిలో చెయ్యి ఎత్తిన పిల్లాడిలా. ఇంకో అరగంటకు సిస్టరు బయటికి వచ్చింది. మా మొహాలు చూసింది. తర్వాత బల్ల దగ్గర ఉన్న పిల్లలిద్దరినీ చూసింది.

"ఏ, మీరిద్దరున్నరు గదా! కూసోన్రి. పది అయితది. ఈ పెద్దమనుషులు ఎంతసేపని కూసుంటరు?"

స్నేహితురాలు రెండడుగులు వెనక్కు వేసి నవ్వింది. "నాకొద్దు మేడమ్! ఎల్లుండి ప్రాక్టికల్స్ ఉన్నయి. జ్వరమొస్తె ఎట్ల?"

మన అమ్మాయి నవ్వలేదు. "నాది అయింది మేడమ్" అంది.

సిస్టరు ఫోను తీసి వేలితో జరిపింది. ఆమె కోపంగా లేదు, ఎవరి గుట్టూ బయటపెట్టాలని కూడా లేదు. ఆమెకు రెండు చేతులు కావాలి, అంతే.

"యాడ అయింది? మీ కాలేజీ లిస్టు నా దగ్గరనే ఉన్నది. నీ పేరు ఇంకా అట్లనే ఉన్నది, సూడు. పోయిన నెల పిలిస్తె మీ బ్యాచి సగం మంది రానే రాలే. సదువుకునేటోళ్ళే గిట్ల జేస్తె ఎట్లమ్మా?"

నాకు మొదట అర్థం కాలేదు. నిజంగానే కాలేదు. ఫోనులో తప్పు పడిందేమో, ఈ మిషన్లలో ఎన్ని తప్పులు పడవు అనుకున్నాను. ఆ అమ్మాయి మొహం చూశాను, ఇప్పుడు "లేదు మేడమ్, సరిగ్గ చూడున్రి" అంటుందని. అనలేదు. తలొంచుకుని కోటు జేబులో ఉన్న పెన్నుల మూతలు ఒక్కొక్కటే నొక్కుతోంది. పట్టుకుని వచ్చిన ఆ ఎడమ చెయ్యి, నేను ఎత్తనివ్వని బకెట్, మెట్ల మీద అందించిన చారు గిన్నె, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఏమీ లేని చేతికి రెండు రోజులు సేవ చేశానా? ఆ పిల్ల చేయించుకుందా?

"బిడ్డా, నువ్వు ఏసుకోలే?" అన్నాడు తాత. గట్టిగా కూడా అనలేదు.

ఆ అమ్మాయి చెయ్యి పెన్నుల మీదే ఆగింది.

తాత మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. నెమ్మదిగా, మడత మడతగా విప్పి, సాపు చేసుకున్నాడు. లేచి గేటు వైపు నడిచాడు. నేను ఆయన వెనకే. నా వెనక ఎదురింటామె. వెనక్కు తిరిగి చూస్తే ఇంకో ముసలాయన కూడా లేస్తున్నాడు. "అయ్యో, ఎటు వోతున్నరు? కూసోన్రి!" అని సిస్టరు అరుస్తూనే ఉంది. ఆ రోజు ఆ సీసా తెరవలేదని తర్వాత తెలిసింది.

ఆటోలో ఎదురింటామె ఒకటే మాట. "డాక్టరు పోరీలే ఏసుకుంటలేరంటె దాంట్ల ఏందో ఉన్నదక్కా. మనకు చెప్తలేరు." మేము ఇల్లు చేరి చెప్పులు విప్పేలోపే ఆ మాట గల్లీ చివరిదాకా పోయింది.

సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. లోపలికి రాలేదు. మెట్ల మీద మొదటి మెట్టు మీద కూర్చుంది. తాత వరండాలో పేపరు పట్టుకుని ఉన్నాడు, పొద్దున చదివేసిన పేపరే.

"తిట్టు తాతా."

"తిట్టుడెందుకు. ఒక్క మాట చెప్పు. దాంట్ల ఏమున్నది? మీకు తెలిసి మాకు చెప్తలేనిది ఏమన్న ఉన్నదా?"

"అయ్యో, అట్లేం లేదు తాతా! అది మంచిదే. మీ వయసుకు మస్తు అవసరం. మీ లంగ్స్‌కి ఇంకా అవసరం."

"మరి నీకు?"

"నాకు ఇరవై ఒకటి. నాకొస్తె జలుబు లెక్క వచ్చి పోతది. జర ఆగినా నడుస్తది అనుకున్నం. సీనియర్లు ఏసుకుంటె చూద్దాం అన్నరు మావోళ్ళు. సీనియర్లేమో సార్లు ఏసుకుంటె చూద్దాం అన్నరు."

"సార్లు?"

"సార్లు ఏసుకున్నరు. చానామంది." కొంచెం ఆగి, "అప్పటికి మాకు ప్రాక్టికల్స్ దగ్గరికొచ్చినయి" అంది.

నేను ఉండబట్టలేకపోయాను. "మరి ఏసుకున్న అని మాకెందుకు చెప్పినవే? చెయ్యి గుంజుతుంది అన్నవ్ గదనే!"

ఆ అమ్మాయి నా వైపు ఆశ్చర్యంగా చూసింది. ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

"చెప్పకపోతె తాత ఏసుకోడు గద అమ్మమ్మా."

ఆ మాటలో మోసం లేదమ్మా. అదే నన్ను పొద్దుటి కంటే ఎక్కువ భయపెట్టింది. దొంగతనం చేసినవాళ్ళు తల దించుకుంటారు. ఈ పిల్ల తల ఎత్తుకునే చెప్పింది. మందు చేదుగా ఉంటే బెల్లంలో పెట్టి మింగించినట్టు, మాకు మంచిదని తెలిసి అబద్ధంలో పెట్టి ఇచ్చింది. మా ప్రాణానికి ఒక లెక్క కట్టింది, తన చేతికి ఇంకో లెక్క కట్టింది. రెండూ సరైన లెక్కలే అనుకుంది.

తాత పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు. "సరె. రేపు పొయ్యి నువ్వు ఏసుకో. నేను పక్కన నిలవడి చూస్త. నీ ఎనక నేను ఏసుకుంట. జ్వరమొస్తె మీ అమ్మమ్మ చారు పెడతది."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "సరె తాతా. పదింటికి పోదాం."

పొద్దున పదింటికి తాత మళ్ళీ పొట్టిచేతుల చొక్కా వేసుకుని వరండాలో కూర్చున్నాడు. ఆ అమ్మాయి దిగింది, కాని భుజాన బ్యాగుతో. కళ్ళు వాచి ఉన్నాయి.

"నిన్న అమ్మకు ఫోన్ జేసిన తాతా, ఏసుకుంటున్న అని. ఒకటే ఏడ్సుడు. ఏసుకున్న ఆడివిల్లలకు పిల్లలు గారని ఊళ్ళె ఎవరో చెప్పిన్రట. తన మీద ఒట్టు వెట్టింది. అది ఉత్తదే, నాకు తెలుసు. తెలిసినా, అమ్మ మీద ఒట్టు..." బ్యాగు భుజం మీద సర్దుకుంది. "ప్రాక్టికల్స్ అయ్యేదాక ఫ్రెండ్ హాస్టల్ల ఉంట. అంతవరకు అమ్మకు నచ్చజెప్పి ఏసుకుంట. మీరు మాత్రం ఇయ్యాలనే పొయ్యి ఏసుకోన్రి. మీ కాళ్ళు మొక్కుత."

తాత నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "పొయ్యిరా బిడ్డ. మంచిగ రాయి" అన్నాడు. ఆమె గేటు దాటాక చొక్కా విప్పి మేకుకు తగిలించాడు.

ఆ తర్వాత వారం రోజులు నేను ఆయన్ని బతిమాలాను. మీ అమ్మతో ఫోన్లో చెప్పించాను. డాక్టరుతో చెప్పించాను. "తెలిసినోళ్ళు ఒక్కరన్న ఏసుకోని, చూస్త" అంటాడు. తెలిసినవాళ్ళా? ఎదురింటామె రానంటోంది. గల్లీలో ఎవరూ కదలడం లేదు. ఎవరు దొరుకుతారా అని నేను పరేషాన్ అయిపోయాను. చిక్కడపల్లి మార్కెట్లో కూరగాయలు ఏరుకుంటూ తెలిసిన మొహం కనపడితే చాలు, "ఏసుకున్నరా?" అని అడిగేదాన్ని.

ఒక్కటి తట్టలేదు నాకు. ఇది కూడా రాస్తున్నాను. నేనే వెళ్ళి వేసుకుని వచ్చి, ఇదిగో నా చెయ్యి చూడు అనొచ్చు కదా. ఆయనకు నాకంటే తెలిసిన మనిషి ఎవరు? యాభై ఏళ్ళు ఆయన తిన్నాక తిన్నాను, ఆయన స్నానం చేశాక చేశాను. ఏ కొత్త వస్తువు ఇంటికి వచ్చినా ఆయన చేతికిచ్చి, తర్వాత నేను తీసుకున్నాను. సూది కూడా ఆయన తర్వాతే అనుకున్నాను. అనుకున్నానని కూడా చెప్పలేను, అసలు అనుకోనే లేదు. ఊరందరి చేతులూ వెతికాను, నా చెయ్యి నాకు కనపడలేదు.

ఉగాది అయిన కొన్ని రోజులకు ఆయనకు దగ్గు మొదలైంది. మూడోరోజు జ్వరం. నాకూ వచ్చింది, నాకు రెండు రోజుల్లో తగ్గింది, పోపు వాసన తెలియలేదంతే. ఆయనకు తగ్గలేదు. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ తెప్పిస్తే అందులో ఎనభై రెండు చూపించింది. అది తప్పు మిషన్ అని నా వేలికి పెట్టుకున్నాను. నాకు తొంభై ఏడు. మళ్ళీ ఆయనకు పెట్టాను. ఎనభై ఒకటి. మీ అమ్మ అక్కడి నుంచి ఎంతమందికి ఫోన్లు చేసిందో, చివరకు ఒక ప్రైవేటు దవాఖానలో మంచం దొరికింది. ఇరవై రోజులు. నన్ను లోపలికి రానివ్వలేదు. రోజుకొకసారి నర్సు వీడియో కాల్ చేసి చూపించేది. ముక్కు మీద అంత పెద్ద మాస్కు, దాని మీద కళ్ళు. ఆ కళ్ళను చూసి కూడా ఈయన మా ఆయనేనా అని అనుమానం వచ్చింది నాకు.

ఇంటికి వచ్చాడు. వచ్చాడు కదా, అది చాలు అన్నారు అందరూ. కాని ఆరు నెలలు మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ గురగురమంటూనే ఉంది. దుకాణం అమ్మేశాం. ఇప్పుడు కూడా గేటు నుంచి వరండా దాకా వచ్చేలోపు ఒకసారి ఆగుతాడు. మీతో ఫోన్లో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతాడే, నెట్‌వర్క్ కాదమ్మా అది. డాక్టరు చెప్పినన్ని నెలలు ఆగి, తర్వాత ఇద్దరం టీకా వేయించుకున్నాం. దవాఖానలో, "ముందుగాల నువ్వు ఏసుకో, నేను చూస్త" అన్నాడు నాతో. నేను వేసుకున్నాను. సూది దిగుతుంటే ఆయన నా చేతి వైపే చూశాడు.

ఆ ఏడు వానాకాలంలోనే ఆ అమ్మాయి వచ్చింది, గది ఖాళీ చేయడానికి, తండ్రిని వెంటబెట్టుకుని. కాలేజీ హాస్టల్లోకి మారుతోందట. ఆ తండ్రి తలకు తువ్వాల చుట్టుకుని గేటు బయట ఆటో పక్కనే నిలబడ్డాడు, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. ఆ పిల్ల చిక్కిపోయింది. ఎండల్లో వాళ్ళను కూడా కరోనా వార్డులకు పంపారట. వరండాలో తాతను, మిషన్‌ను, ముక్కులోని గొట్టాన్ని చూసి గడపలోనే ఆగిపోయింది. ఇవి ఆమెకు కొత్త కాదు కదా, రోజూ చూసి వచ్చినవే. అయినా ఆగిపోయింది.

"ఎప్పుడు తాతా?" అంది.

"నువ్వు పోయినంక."

వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. ఫోను తీసి, "నేను రెండూ ఏసుకున్న తాతా. సర్టిఫికేట్ ఉన్నది, చూడు" అంది. మీ తాత చూడకుండా ఉండే మనిషి కాదు కదా. కళ్ళద్దాలు పైకెత్తుకుని, ఫోను దూరంగా పట్టుకుని పేరు చదివాడు, తారీకు చదివాడు, కింద ఉన్నదంతా చదివాడు. తిరిగి ఇచ్చి, "మంచిది బిడ్డ" అన్నాడు. ఆమె ఏడుస్తుంటే తల మీద చెయ్యి పెట్టాడు.

పైనుంచి సామాను దించుతుంటే నేను సాయం పట్టాను. మంచం కింద తాడు కట్టిన అట్టపెట్టె ఒకటి ఉంది. నేను లాగితే తాడు ఊడి మూత తెరుచుకుంది. లోపల ఎముకలు! మనిషి ఎముకలు, ఒక పుర్రె. కెవ్వుమన్నాను.

"అమ్మమ్మా, అమ్మమ్మా, భయపడకు! ఫస్టియర్‌ల చదువుకునేటందుకు సీనియర్ల దగ్గర తీసుకున్నవి. అందరి దగ్గర ఉంటయి."

"ఎన్నొద్దులసంది ఉన్నయే ఇవి?"

"వచ్చినప్పటిసంది."

రెండేళ్ళు! కింద నేను రోజూ దీపం పెట్టాను, పైన ఆ పుర్రె ఉంది.

"చెప్పొద్దానె నాకు?"

"చెప్తె గది ఇయ్యవు గద అమ్మమ్మా" అని మూత పెట్టి తాడు బిగించింది. ఆ మాట అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమెకు అర్థమైందో లేదో తెలియదు. కింద నుంచి తండ్రి "బిడ్డా, ఆటో ఆయన తొందర జేస్తుండు" అని పిలిచాడు. పెట్టె ఎత్తుకుని దిగిపోయింది.

ఇప్పుడు ఆమె డాక్టరు. మంచి పేరే ఉందట. పండుగలకు వాట్సాప్‌లో దండాలు పెడుతుంది, తాత ఎట్లున్నడని అడుగుతుంది. అందుకే తాత ముందు ఆ సంగతి ఎత్తనమ్మా, ఆయనకు ఆ పిల్ల మీద ఇంకా ప్రేమే. నాకు కూడా కోపం లేదు. ఆ రోజు దవాఖానకు ఇంకో ఇద్దరు వచ్చి ఉంటే చాలు, తాతకు సూది పడేది, ఆ పిల్ల అబద్ధమే ఆయన్ని కాపాడేది. అది కూడా నాకు తెలుసు. తెలిసే, పోయిన దసరాకు ఆమె దండం వచ్చినప్పుడు, ఒక్క వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఒక మాట రాసి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఆ తర్వాత దీపావళికి మళ్ళీ దండం పెట్టింది, తాతను అడిగింది, నా మాటకు మాత్రం జవాబు ఇవ్వలేదు.

నేను రాసింది ఇంతే: "బిడ్డా, ఆ రోజు పదిమంది నిండి ఉంటే, నువ్వు ఏసుకోలేదని మాకు ఎప్పటికన్న చెప్పేదానివా?"